బయాంకీ మోడల్స్ మీద పీహెచ్‌డీ చేస్తున్న, క్లాసుల పిల్లగాడు ఒక్క మాట అడిగితే జవాబు చెప్పలేకపోయిన

నల్లగొండ_లెక్కల_మేడం:

అందరికి నమస్తే. పోస్టు కొంచెం పొడుగైతది, ఓపిక పట్టి చదవండి. నేను నల్లగొండల ఒక డిగ్రీ కాలేజీల మ్యాథ్స్ చెప్త, కాంట్రాక్టు లెక్చరర్‌ని, పదకొండేండ్ల సర్వీసు. డిగ్రీ దాకా తెలుగు మీడియమే, ఎమ్మెస్సీకి పోయినంకనే ఇంగ్లీషు పుస్తకాలు చేతికొచ్చినయ్. సెట్ పాసైన, కాలేజీ నుంచి ఎన్‌వోసీ తెచ్చుకొని పార్ట్ టైం పీహెచ్‌డీల చేరిన, కోర్సు వర్కు అయిపోయింది, ఇప్పుడు రెండో ఏడు నడుస్తుంది. సబ్జెక్టు మ్యాథమెటిక్సే గని టాపిక్ కాస్మాలజీ. బయాంకీ టైప్-1 విశ్వం (దిక్కుకో తీరుగ సాగే విశ్వం మోడల్), ఐన్‌స్టీన్ గ్రావిటీని కొంచెం మార్చిన ఎఫ్-ఆర్-టి గ్రావిటీల, స్ట్రింగ్ క్లౌడ్ (సన్నటి తీగల గుంపు లాంటి పదార్థం) తోని.

మా గైడ్ సార్ మంచి మనిషి, ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తుతడు, ఒక్క మాట అనడు. పని ఎట్ల నడుస్తదంటే ముందు మెట్రిక్ (దూరాలు కొలిచే సూత్రం) రాసుకుంటం, మూడు దిక్కులకు ఏ, బీ, సీ అని మూడు స్కేల్ ఫ్యాక్టర్లు, అంటే ఒక్కో దిక్కుకు విశ్వం ఒక్కో తీరుగ సాగుతుంది అన్నట్టు. క్రిస్టాఫెల్ సింబల్స్ చేతితోనే తీస్తం, రిచ్చి టెన్సర్ తీస్తం (ఇవన్ని స్థలకాలం వంపు లెక్కలే), నాలుగు ఫీల్డ్ ఈక్వేషన్లు వస్తయ్. తెలియనియి మాత్రం ఆరు: ఏ, బీ, సీ, ప్రెజర్, డెన్సిటీ, స్ట్రింగ్ టెన్షన్. రెండు తక్కువ పడ్డయ్ గదా, అందుకని రెండు అజంప్షన్లు పెడ్తం. షియర్ స్కేలార్ (దిక్కుల నడుమ సాగుడు తేడా) ఎక్స్‌పాన్షన్ స్కేలార్‌కు (మొత్తం సాగుడుకు) ప్రపోర్షనల్ అని ఒకటి, డిసెలరేషన్ పారామీటర్ క్యూ (సాగుడు ఎంత నెమ్మదిస్తుందో చెప్పేది) కాన్‌స్టెంట్ అని ఇంకోటి. ఇగ అక్కడికెల్లి అన్నీ వాటంతట అవే విడిపోతయ్, గ్రాఫులు గీసి పేపర్ రాసుడే. రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్కులు నాలుగు నిండినయ్. ఇంట్ల అందరు పండుకున్నంక పదిన్నరకు కూసుంటే ఒంటి గంట దాకా అదే పని, తప్పొస్తే మల్ల మొదటికెల్లి. ఆ పని నాకిష్టం, అబద్ధం చెప్పొద్దు. ఒక టర్మ్ క్యాన్సిలై ఈక్వేషన్ శుభ్రంగ కూసుంటే నిద్ర కూడ రాదు.

మొన్న ఫైనల్ ఇయర్‌కు లీనియర్ ఆల్జీబ్రా చెప్పి బయటికొస్తున్న. మునుగోడు దిక్కుకెల్లి రోజు బస్సుల వచ్చే పిల్లగాడు ఒకడున్నడు, ఎక్కువ మాట్లాడడు, వెనక బెంచీ. వాడొచ్చి "మేడం, మీరు విశ్వం మీద పీహెచ్‌డీ చేస్తున్నరంట గదా, మీ విశ్వం నిజంగ ఉన్నదేనా?" అన్నడు. అది ఒక మోడల్ నాన్నా అన్న. "అంటే నిజం కాదా మేడం" అన్నడు. వాడు ఎక్కిరించలేదు, నిజంగనే తెలుసుకోవాలని అడిగిండు. చేతిల చాక్‌పీసు పట్టుకొని అట్లనే నిలబడ్డ. ఇంకోసారి చెప్త అని వచ్చేసిన గని ఇంటికొచ్చినా అదే తలల తిరుగుతుంది. ఆకాశంల ఉన్న దాని గురించి రెండేండ్ల సంది రాస్తున్న, ఒక్కనాడన్న ఆకాశం నుంచి వచ్చిన ఒక్క నంబరు నా నోట్‌బుక్కుల లేకపాయె.

దానికి తోడు పోయిన నెల ఒక జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది, పైసలు కడితే వారం దినాలల్ల వేస్తరంట. పేపర్ చదవకుంటనే ఎట్ల వేస్తరు?

నా ప్రశ్న ఒక్కటే. నేను చేస్తున్నది రీసెర్చేనా, లెక్కల ప్రాక్టీసా? ఫీల్డ్‌ల ఉన్నోళ్లు మొహమాటం లేకుంట చెప్పండి. టాపిక్ మార్చే టైం దాటిపోయింది, ఇదే టాపిక్‌ల ఏమన్న చేయొచ్చా అన్నది కూడ చెప్పండి.


గద్వాల్_సెమిస్టర్:

మేడం, నేను కూడ మ్యాథ్సే, టోపాలజీల పోయినేడు థీసిస్ ఇచ్చిన. నేను చెప్పేది మీకు నచ్చకపోవచ్చు గని ముందు పీహెచ్‌డీ పూర్తి చెయ్యండి. మనకు వారానికి ఇరవై క్లాసులు, ఇంటర్నల్స్, అసైన్‌మెంట్లు, ఎలక్షన్ డ్యూటీ, దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్) అడ్మిషన్లకు ఊర్లు తిరుగుడు, ఇవన్నీ అయినంక మిగిలిన టైంల చేసే పని ఇది. పూర్తి అయినంక మీకు నచ్చిన ప్రశ్న పట్టుకోండి, ఎవరొద్దంటరు. పైసల జర్నల్ జోలికి మాత్రం పోవద్దు. 2022 యూజీసీ రెగ్యులేషన్స్‌ల థీసిస్‌కు ముందు పేపర్ తప్పనిసరి అన్న నిబంధన తీసేసిన్రు, మీ యూనివర్సిటీ సొంత రూల్ ఏమన్న పెట్టుకుందా అది చూసుకోండి. గడువు ఆరేండ్లు, రీ-రిజిస్ట్రేషన్ తోని ఇంకో రెండు, ఆడోళ్లకు ఇంకా రెండు ఎక్కువ. కాబట్టి తొందరపడి ఎవనికో పైసలు కట్టాల్సిన పని లేదు.


పాలమూరు_బిడ్డ:

అక్కా నమస్తే. మాది మక్తల్ దిక్కు, నేను కాస్మాలజీల పోస్ట్‌డాక్ చేస్తున్న, పుణెల ఉంట. మొహమాటం లేకుంట చెప్పమన్నరు గాబట్టి చెప్తున్న, తప్పుగ అనుకోవద్దు.

మీరు చేసే ఆల్జీబ్రాల తప్పు లేదు. ఆ రెండు అజంప్షన్ల కాడనే వచ్చింది సమస్య అంతా. అవి లెక్క విడిపోవడానికి పెట్టినయ్, ప్రకృతి అట్ల ఉందని ఎవరో చూసి పెట్టినయ్ కావు. ఒక్కొక్కటి చూద్దం.

మొదటిది, షియర్ బై ఎక్స్‌పాన్షన్ కాన్‌స్టెంట్ అన్నది. దీని అర్థం ఏంది? విశ్వం ఒక దిక్కుకు ఎక్కువ, ఒక దిక్కుకు తక్కువ సాగుతుంటే ఆ తేడా, మొత్తం సాగుడుతోని పోలిస్తే, ఎన్నటికి తగ్గదు అని. మామూలు ఐన్‌స్టీన్ గ్రావిటీల బయాంకీ-1 తీసుకుంటే షియర్ స్క్వేర్ అన్నది స్కేల్ ఫ్యాక్టర్ ఆరో ఘాతానికి విలోమంగ పడిపోతది, అంటే విశ్వం రెండింతలైతే 64 వంతులు తగ్గుతది. అంత తొందరగ సచ్చిపోయేదాన్ని మీరు అజంప్షన్ తోని బతికించి పెడుతున్నరు. ఈ రకం పేపర్లల్ల ఒక వాక్యం ఉంటది చూడండి, రెడ్‌షిఫ్ట్ (దూరం పోయే గెలాక్సీల వెలుగు ఎరుపు దిక్కు జరుగుడు) పరిశీలనల ప్రకారం విస్తరణ అన్ని దిక్కులకు 30 శాతం లోపు తేడాతోని సమానంగ ఉంది అని, 1966, 1967 పేపర్లను చూపిస్తరు. ఆ పేపర్లు వాటి కాలానికి మంచివే. కాస్మిక్ మైక్రోవేవ్ బ్యాక్‌గ్రౌండ్‌ను (విశ్వం తొలినాళ్ల నుంచి మిగిలిన వెలుగును) అప్పటికి కనిపెట్టి రెండేండ్లు కూడ కాలేదు. ఇయ్యాల ఆ వెలుగు ఉష్ణోగ్రత 2.725 కెల్విన్ అని తెలుసు, దిక్కు దిక్కుకు తేడా లక్షకు ఒక వంతు స్థాయిల ఉందని తెలుసు. 2016ల ప్లాంక్ ఉపగ్రహం డేటా మీద బయాంకీ మోడళ్లనే పెట్టి చూసిన్రు, విశ్వం దిక్కుకో తీరుగ సాగుతుంది అనే దానికి వ్యతిరేకంగ 1,21,000కు 1 అని తేల్చిన్రు. అరవై ఏండ్ల కిందటి 30 శాతం ఇంకా కాపీ అయితనే ఉంది.

రెండోది క్యూ కాన్‌స్టెంట్, 1983ల బెర్మన్ పెట్టిన నియమం. క్యూ ఒకటే నంబర్ అయితే స్కేల్ ఫ్యాక్టర్ టైంకు ఏదో ఒక ఘాతం గాని ఎక్స్‌పొనెన్షియల్ గాని అయితది, ఇంకో దారి లేదు. మరి 1998ల సూపర్నోవాలు (పేలిపోయే నక్షత్రాలు) చూసినోళ్లు చెప్పిందేంది? విస్తరణ వేగం ఇప్పుడు పెరుగుతుంది. ఇంకా దూరం పోయి చూస్తే ఒకప్పుడు అది తగ్గుకుంట వచ్చింది, అయిదారు వందల కోట్ల ఏండ్ల కింద గుర్తు మారింది. గుర్తు మారేదాన్ని కాన్‌స్టెంట్ అనలేం గదా. అదీగాక పదార్థం ఒకకాడ కుప్పగూడి గెలాక్సీలు కట్టాలంటే విస్తరణ నెమ్మదిస్తున్న కాలం ఒకటి ఉండాల్సిందే.

ఇదంతా చెప్పి మీ పని దండగ అంటలేను అక్కా. బయాంకీ మోడళ్లల్ల అసలైన మ్యాథ్స్ ఉన్నది. ఇటలీ గణితజ్ఞుడు బయాంకీ 1898ల చేసిన తొమ్మిది రకాల వర్గీకరణ ఉత్త లీ ఆల్జీబ్రాల లెక్క, అప్పటికి జనరల్ రిలేటివిటీయే లేదు. 1969-70 కాలంల బయాంకీ-9 మొదటి క్షణాలల్ల ఎట్ల ఊగిసలాడుతదో ఇటు మిస్నర్, అటు రష్యాల బెలిన్‌స్కీ, ఖలత్నికోవ్, లిఫ్‌షిట్జ్ చూపిచ్చిన్రు. 1983ల వాల్డ్ ఒక చిన్న పేపర్‌ల కాస్మలాజికల్ కాన్‌స్టెంట్ (విస్తరణ వేగాన్ని పెంచే స్థిరాంకం) పాజిటివ్ అయితే దాదాపు అన్ని బయాంకీ విశ్వాలు చివరికి అన్ని దిక్కులకు ఒకే తీరుగ సాగే విశ్వం వైపే పోతయ్ అని నిరూపించిండు. అది చదవండి, రెండు మూడు పేజీలే, మీకు బాగ అర్థమైతది. ఫీల్డ్ ఈక్వేషన్లను అజంప్షన్ పెట్టి విడగొట్టుడు బంద్ చేసి, వాటినే డైనమికల్ సిస్టమ్ (కాలంతోని ఎట్ల మారుతదో చూపే వ్యవస్థ) లెక్క రాసుకొని ఫిక్స్‌డ్ పాయింట్లు, స్టెబిలిటీ చూస్తే అది పక్కా మ్యాథమెటిక్స్. మీరు డిగ్రీ పిల్లలకు చెప్పే ఐగెన్ వాల్యూలే అక్కడ పనికొస్తయ్.

మా ఊరికి దగ్గర్లనే కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్లు ఉన్నయ్, 2025ల యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కినయ్. అండ్ల ఒక రాయి మీద చిన్న చిన్న గుంతలు సప్తర్షి మండలం తీరుగ చెక్కి ఉన్నయ్ అంటరు. చిన్నప్పుడు ఎన్నిసార్లు ఆ రాయి ముందట నిలబడి రాత్రికి ఇంటికొచ్చి ఆకాశంతోని పోల్చి చూసిన్నో. మీ పిల్లగాడు అడిగింది కూడ అదే ప్రశ్న, రాసింది పైనున్న దానితోని కలుస్తుందా అని.


నల్లగొండ_లెక్కల_మేడం:

తమ్మీ, రెండుసార్లు చదివిన. 30 శాతం వాక్యం నా పేపర్ డ్రాఫ్ట్‌ల కూడ ఉంది, అక్షరం మారకుంట ఉంది, ఇంతకుముందు పేపర్ చూసి రాసుకున్న, ఆ 1967 పేపర్ ఒక్కనాడు తెరిచి చూడలేదు. ఈ మాట ఇక్కడ రాయడానికి మనసు గింజుకుంది గని రాయాలె.

గైడ్ సార్‌తోని ఎట్ల మాట్లాడాల్నో కూడ చెప్పు. ఆయన పాతికేండ్ల సంది ఇదే చేస్తున్నడు, మీరు చేసింది సరికాదు అన్నట్టు వినపడొద్దు. ఇంకోటి, నాకు ప్రోగ్రామింగ్ రాదు, ఇంట్ల పాత ల్యాప్‌టాప్ ఉంది.


దేవరకొండ_ఫిజిక్స్_రిటైర్డ్:

అమ్మా, నేను ముప్పై మూడేళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైర్ అయినవాణ్ణి. నాకు రీసెర్చ్ చేసే అవకాశం రాలేదు, చదువుతూ వచ్చాను అంతే. పాలమూరు బాబు చెప్పిన దాంట్లో నేను కలిపేది ఏమీ లేదు, కానీ ఒక సంగతి మీకు చెప్పాలనిపించింది.

మీరు నోట్‌బుక్కులో రాసే షియర్, ఎక్స్‌పాన్షన్ ఎవరి సమీకరణంలో ఉన్నాయో గుర్తు చేసుకోండి. అమల్ కుమార్ రాయ్‌చౌధురి. కోల్‌కతాలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పాడు, తర్వాత ఒక పరిశోధన సంస్థలో చేరితే అక్కడ ఆయన్ని లోహాల మీద పని చెయ్యమన్నారు. చెప్పిన పని చేస్తూనే తన ప్రశ్న తను వదల్లేదు. ఆయన ప్రశ్న చాలా సూటిది. విశ్వానికి మొదట్లో ఒక సింగ్యులారిటీ (సాంద్రత అనంతమై లెక్కలు చెల్లని స్థితి) ఉందని లెక్క చెప్తోంది, అది అన్ని దిక్కులూ సమానం అని మనం అనుకోవడం వల్ల వచ్చిందా, ఆ సమానత్వం తీసేసినా వస్తుందా? అందుకోసమే ఆయన అసమానంగా సాగే విశ్వాన్ని తీసుకున్నాడు. 1955లో ఫిజికల్ రివ్యూలో వచ్చింది. షియర్ ఉంటే కుదింపుకి సాయం చేస్తుందే తప్ప ఆపదు, రొటేషన్ మాత్రం అడ్డుపడుతుంది అని తేలింది. పదేళ్ల తర్వాత పెన్‌రోజ్, ఆ వెంట హాకింగ్ తమ సింగ్యులారిటీ సిద్ధాంతాలు కట్టింది ఆ సమీకరణం ఆధారంగానే. పెన్‌రోజ్‌కి 2020లో నోబెల్ వచ్చింది. రాయ్‌చౌధురి 1961 నుంచి ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్తూ ఉండిపోయాడు, అక్కడి విద్యార్థులు ఆయన క్లాసుల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు.

మీరు పట్టుకున్న వస్తువు ఆయన పట్టుకున్నదే తల్లీ. ఆయన దగ్గర ఒక ప్రశ్న ఉండి దానికోసం ఆ మెట్రిక్ దగ్గరికి వెళ్లాడు. మనవాళ్లు చాలామంది మెట్రిక్ చేతికిస్తే ప్రశ్న అడగకుండా విప్పుకుంటూ పోతున్నారు. సాపేక్షతా సిద్ధాంతం మీద పనిచేసిన పి.సి. వైద్య గారు కూడా అంతే, 1943లో బనారస్‌లో వి.వి. నార్లికర్ గారి దగ్గర ఉండి వెలుగు చిమ్మే నక్షత్రం చుట్టూ గురుత్వం ఎట్లా ఉంటుంది అని అడిగి వైద్య మెట్రిక్ రాశాడు, పాతికేళ్ల వయసు. తర్వాత జీవితం చాలావరకు గుజరాత్‌లో లెక్కలు చెప్పుకుంటూ, గుజరాతీలో పిల్లలకోసం లెక్కల పత్రిక నడుపుకుంటూ గడిపాడు.

నేను ఇంటర్ చదివేటప్పుడు, 1980 ఫిబ్రవరి 16, శనివారం, సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా మన మీదుగా పోయింది. మధ్యాహ్నం మూడున్నర దాటింది. దేవరకొండలో వీధుల్లో మనిషి లేడు, తలుపులన్నీ వేసుకున్నారు. మా లెక్చరర్ ఒకాయన నలుగురం పిల్లల్ని కాలేజీ మేడ మీదికి తీసుకుపోయి నీళ్ల తొట్లో నీడ చూపించాడు. చీకటి పడగానే చింతచెట్టు మీదికి కొంగలు గుంపుగా వచ్చి వాలాయి, మళ్లీ వెలుగు రాగానే అయోమయంగా లేచిపోయాయి. జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రజ్ఞులు అదే సమయంలో దాన్ని కొలుస్తున్నారని, అక్కడ 48 అంగుళాల టెలిస్కోప్ ఉందని ఆయనే చెప్పాడు. ఏడాది తర్వాత బస్సెక్కి పోయి చూసొచ్చాను. నేను ఫిజిక్స్ తీసుకున్నది అందుకే.

మీ పిల్లవాడికి జవాబు చెప్పే ముందు క్లాసులో ఈ లెక్క ఒకటి చేయించండి. హబుల్ స్థిరాంకం 70 అనుకోండి, అంటే విశ్వం ఒక మెగాపార్సెక్ దూరానికి సెకనుకి 70 కిలోమీటర్లు సాగుతుందని. మెగాపార్సెక్ అంటే 3.086 ఇంటూ 10 పవర్ 19 కిలోమీటర్లు. 70తో భాగిస్తే కిలోమీటర్లు పోయి సెకన్లు మిగులుతాయి. ఏడాదికి 3.156 ఇంటూ 10 పవర్ 7 సెకన్లు. అంతా చేస్తే దాదాపు 1400 కోట్ల ఏళ్లు వస్తుంది. విశ్వంలో పదార్థం ఒక్కటే ఉండి, స్థలానికి వంపు లేకపోతే, విశ్వం సాగే తీరు చెప్పే ఫ్రీడ్‌మాన్ సమీకరణం ప్రకారం వయసు దాంట్లో మూడింట రెండొంతులు. ఎంతొచ్చిందో చూసి, అతి పాత నక్షత్ర గుచ్ఛాల వయసు 1200 కోట్ల ఏళ్లు దాటుతుందని చెప్పి ఊరుకోండి. మిగతాది వాళ్లే అడుగుతారు. ఫ్రీడ్‌మాన్ సమీకరణం కోసం టెన్సర్లు అక్కర్లేదు, ఒక గోళం అంచున ఉన్న రేణువుకి న్యూటన్ శక్తి నిత్యత్వం రాస్తే అదే వస్తుంది.


పాలమూరు_బిడ్డ:

సార్ చెప్పిన గ్రహణం సంగతి మా నాయన కూడ చెప్పేటోడు, ఆ రోజు పొలంల ఎడ్లు ఇంటి తొవ్వ పట్టినయంట.

అక్కా, మీ ప్రశ్నలకు. ల్యాప్‌టాప్ పాతదైనా ఏం కాదు, గూగుల్ కోలాబ్‌ల పైథాన్ రాస్తే లెక్క వాళ్ల కంప్యూటర్ల నడుస్తది, మీకు బ్రౌజర్ ఉంటే సాలు. పాంథియాన్ ప్లస్ అని 2022ల వచ్చిన సూపర్నోవా డేటా ఉంది, 1550 సూపర్నోవాలు, వాటి 1701 లైట్ కర్వులు (వెలుగు ఎక్కి దిగే గ్రాఫులు), ఎవరైనా ఉచితంగ దించుకోవచ్చు. ముందు మీ మోడల్ పక్కకు పెట్టి మామూలు ఫ్లాట్ లాంబ్డా-సీడీఎం (ఇప్పుడు అందరు వాడే విశ్వం మోడల్) తోని ఫిట్ చెయ్యండి. పదార్థం వాటా 0.334 దగ్గర రావాలె, వాళ్ల పేపర్‌ల ఉన్నది అదే. అది వచ్చిందంటే మీ కోడ్ సరిగ్గ ఉన్నట్టు. తర్వాత మీ క్యూ కాన్‌స్టెంట్ మోడల్ పెట్టి కై-స్క్వేర్ (మోడల్‌కు డేటాకు ఎంత తేడానో చెప్పే నంబరు) పోల్చండి. ఒకటి యాది పెట్టుకోండి, సూపర్నోవాలతోని మాత్రమే హబుల్ స్థిరాంకం తేలదు, సూపర్నోవా అసలు వెలుగూ అదీ ఒకదాంట్ల ఒకటి కలిసిపోతయ్, రెండింటిని కలిపి ఒక్క పారామీటర్ లెక్క తీసెయ్యాలె. ఆ స్థిరాంకం మీద ఇప్పుడు నడుస్తున్న పంచాయితీ వేరే, ప్లాంక్ లెక్కల 67.4, దగ్గరి గెలాక్సీలతోని కొలిస్తే 73, అది ఇంకా తెగలేదు.

గైడ్ సార్ సంగతి. "సార్, అజంప్షన్ తప్పు" అనకండి. మన మోడల్‌ల ఎన్ అన్న పారామీటర్ ఉంది గదా, ఏ ఈజ్ ఈక్వల్ టు బీ-సీ పవర్ ఎన్ అని, దాని మీద ఇయ్యాల్టి డేటా ఎంత హద్దు పెడుతదో ఒక చాప్టర్ చేద్దమా అని అడగండి. ఏ గైడ్ అయినా కాదనడు, థీసిస్‌కు బలమే. ఎన్ అన్నది సగానికి ఎంత దగ్గరగ ఉండాల్సొస్తదో చూస్తే మీకే తెలిసిపోతది, సరిగ్గ సగమైతే ఏ దిక్కు వేగం మిగతా రెండు దిక్కుల సగటు వేగానికి సమానం గదా.

పుణెల ఉన్న ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకా వాళ్లు కాలేజీ, యూనివర్సిటీ టీచర్ల కోసమే విజిటింగ్ అసోసియేట్ స్కీం నడుపుతరు, 1988ల ఆ సంస్థ పెట్టిన ఉద్దేశంల అదొకటి. పీహెచ్‌డీ అయినంక అప్లై చెయ్యండి. అంతకు ముందే వర్క్‌షాపులు ఉంటయ్, పోండి. లెక్కల దిక్కు అయితే ఎన్‌సీఎం (నేషనల్ సెంటర్ ఫర్ మ్యాథమెటిక్స్) వాళ్లు టీచర్ల కోసం పెట్టే స్కూళ్లు కూడ మంచిగుంటయ్.


గద్వాల్_సెమిస్టర్:

నేను పైన పూర్తి చెయ్యండి చాలు అన్న. ఈ చాప్టర్ ఆలోచన చూసినంక ఆ మాట వెనక్కి తీసుకుంటున్న, పూర్తి చెయ్యడానికి కూడ ఇదే మంచి తొవ్వ.


నల్లగొండ_లెక్కల_మేడం:

నెల రోజులయింది, ఏమైందో చెప్పాలని వచ్చిన.

ముందు క్లాసు సంగతి. దేవరకొండ సార్ చెప్పిన లెక్క అట్లనే బోర్డు మీద వేసిన, ఫోన్లల్ల క్యాలిక్యులేటర్లు తియ్యమన్న. ముప్పై రెండు మందిల సగం మంది పవర్ల కాడ తప్పు చేసిన్రు, పక్కోనిది చూసి దిద్దుకున్నరు. 1397 కోట్లు వచ్చింది. మూడింట రెండొంతులు 931. అప్పుడు పాత నక్షత్రాల వయసు 1200 కోట్ల పైనే అని రాసి వెనక్కి తిరిగి చూసిన. ముందు బెంచీల పిల్ల ఒకతి లేచి "తల్లి కన్న బిడ్డ పెద్దదెట్లైతది మేడం" అన్నది. క్లాసంతా ఒకటే మాటలు. ఎక్కడో తప్పు చేసినం అని కొందరు మల్ల మొదటికెల్లి లెక్క చేసిన్రు, తప్పు దొరకలే. ఇదే చిక్కు 1990లల్ల పెద్ద పెద్దోళ్లకు కూడ ఉండె, విశ్వంల పదార్థం ఒక్కటే లేదు అని 1998ల తేలినంకనే వయసు సర్దుకుంది, ఇప్పుడు 1380 కోట్లు అంటున్నం అని చెప్పేసరికి బెల్లు కొట్టిన్రు. ఎవ్వరు లేవలే. మునుగోడు పిల్లగాడు "అంటే మోడల్ తప్పని నక్షత్రం చెప్పిందా" అన్నడు. అవును నాన్నా, అట్లనే చెప్తది అన్న. నా మోడల్‌ను కూడ అట్లనే అడుగుతున్న, జవాబు వచ్చినంక చెప్త అని వానికి మాటిచ్చిన.

ఇంక కోడ్. పైథాన్ రాత్రుళ్లు నేర్చుకున్న, మొదట్ల ఇండెంటేషన్ తప్పుల తోనే వారం పోయింది. డేటా దించిన, లాంబ్డా-సీడీఎం పెట్టిన, 0.33 వచ్చింది. ఆ నంబరు స్క్రీన్ మీద పడ్డప్పుడు రాత్రి పన్నెండున్నర, మా ఆయనను లేపి చూపించిన. నా మోడల్ పెడితే కై-స్క్వేర్ కొంచెం ఎక్కువొచ్చింది, సూపర్నోవాల డేటా ఒక్కదానితోనే పక్కకు పారేసేంత తేడా కాదు గని ఎక్కువే. ఆ 1967 పేపర్, 1983 వాల్డ్ పేపర్ రెండూ తెచ్చుకొని చదివిన. వాల్డ్ పేపర్ మూడు రోజులు పట్టింది, ఒక్కో లైన్ నోట్‌బుక్కుల మల్ల చేసుకుంట చదివిన.

ఒక్కటి సతాయిస్తుంది. డేటాతోని పాటు వచ్చిన కోవేరియన్స్ మ్యాట్రిక్స్ (కొలతల పొరపాట్లు ఒకదానితోని ఒకటి ఎట్ల ముడిపడ్డయో చూపేది) 1701 బై 1701 ఉంది. పారామీటర్ల గ్రిడ్ మీద ఫిట్ నడిపిస్తే నలభై నిమిషాలు పడుతుంది, ఒక్కోసారి మధ్యల కోలాబ్ ఆగిపోతుంది.


పాలమూరు_బిడ్డ:

అక్కా, ఇన్వర్స్ లూప్ లోపల తీస్తున్నరు కావచ్చు. ఆ మ్యాట్రిక్స్ పారామీటర్లతోని మారదు గదా, లూప్ బయట ఒక్కసారి తీసి పెట్టుకోండి. ఇన్వర్స్ కూడ వద్దు, సిమెట్రిక్ పాజిటివ్ డెఫినిట్ కాబట్టి చోలెస్కీ విభజన (మ్యాట్రిక్స్‌ను రెండు త్రిభుజం తీరు మ్యాట్రిక్సులుగ విడదీసుడు) చేసుకొని సాల్వ్ చెయ్యండి, తొందరగ అయితది, తప్పులు కూడ తక్కువ.


నల్లగొండ_లెక్కల_మేడం:

అయింది తమ్మీ, రెండు నిమిషాలల్ల అయిపోయింది. లోపలనే ఉండె. సిమెట్రిక్ పాజిటివ్ డెఫినిట్ అన్నది పోయిన సెమిస్టర్ పిల్లలకు నేనే చెప్పిన, ఇక్కడ పనికొస్తది అనుకోలే. ఈసారి ఆ చాప్టర్‌కు ఉదాహరణ ఇదే చెప్త. శనివారం గైడ్ సార్ కాడికి పోతున్న, పొద్దుగాల ఆరింటి బస్సు. రెండు గ్రాఫులు ప్రింట్ తీసి, వాల్డ్ పేపర్ జిరాక్స్ ఒకటి సార్ కోసం పెట్టుకున్న.